పాత ఇల్లు కొనేముందు సిమెంటు రేకులు లెక్కపెట్టండి

విజయవాడ సత్యనారాయణపురంలోనో గుంటూరు బ్రాడీపేటలోనో ముప్పై నలభై ఏళ్ల కిందటి ఇల్లు అమ్మకానికి వచ్చిందంటే, అందులో ఎక్కడో ఒకచోట సిమెంటు రేకు ఉంటుందనుకోవాల్సిందే. ముందు గదులు మద్రాస్ టెర్రస్ (దూలాల మీద ఇటుకలు, సున్నంతో వేసే పాత కప్పు) అయినా స్లాబైనా, వెనక వంటింటి వసారా మాత్రం రేకులే. మేడ మీద అద్దెకిచ్చే గదీ రేకులే. పడమటి గోడకు జల్లు కొట్టి చెమ్మెక్కుతోందని నిలువుగా బిగించినవీ రేకులే. పక్కింటికీ మనింటికీ మధ్య సందు ఇరుకై ప్లాస్టరింగ్ చేయలేక గోడకు రేకు తొడిగిన ఇళ్లు వన్‌టౌన్‌లో కనిపిస్తాయి.

ఆ బూడిదరంగు రేకులో సుమారు పదో వంతు వరకు ఆస్బెస్టాస్ అనే ఖనిజపు నార ఉంటుంది, మిగతాది సిమెంటు, ఫ్లైయాష్. సిమెంటు పట్టి ఉంచినంతకాలం నార గాల్లోకి రాదు. కోసినా, డ్రిల్లు వేసినా, సుత్తితో కొట్టినా, వైరు బ్రష్షుతో రుద్దినా కంటికి కనపడని పోగులు లేచి ఊపిరితిత్తుల లోపలి దాకా వెళ్లి అక్కడే ఉండిపోతాయి. ఆస్బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, మెసోథీలియోమా అనే పొర క్యాన్సర్ బయటపడటానికి ఇరవై నుంచి నలభై ఏళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. పొగ తాగేవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం అన్ని రకాల ఆస్బెస్టాస్‌నూ మనిషికి క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో పెట్టింది. తెల్ల ఆస్బెస్టాస్‌కు, అంటే మన రేకుల్లో వాడే క్రైసోటైల్‌కు, అందులో మినహాయింపు లేదు.

అలాగని రేకు కనపడగానే బేరం వదులుకోనక్కర్లేదు. ఇరవై ఏళ్లుగా కప్పు మీద కదలకుండా ఉన్న రేకు కంటే, మీరు కొన్న వారానికే మేస్త్రీ చేతిలో కట్టింగ్ మిషన్ కింద పడిన రేకు చాలా ప్రమాదం. పాత ఇంట్లో రేకులు పగిలేది సరిగ్గా అప్పుడే, కొత్త యజమాని రిపేర్లు మొదలుపెట్టినప్పుడు. అందుకే ఏ రేకును ఉంచాలి, ఏది తీయాలి, ఎవరు తీయాలి, ఖర్చు ఎవరిది అన్నవి బయానా ఇచ్చేలోపే తేలాలి.

ఇంటి వయసుతో తేలదు

బ్రిటన్ 1999లో ఆస్బెస్టాస్‌ను పూర్తిగా నిషేధించింది కాబట్టి అక్కడ ఇల్లు కట్టిన సంవత్సరం చూసి ఒక అంచనాకు రావచ్చు. మన దగ్గర ఆ లెక్క పనిచేయదు. ఇక్కడ కొత్త గనులకు లీజులు ఇవ్వడం 1986లో ఆగింది, ఉన్నవాటిని పొడిగించడం 1993లో ఆగింది. ఒకప్పుడు కడప జిల్లా పులివెందులలోనూ ఈ ఖనిజం తవ్వేవారు. రేకుల తయారీ మాత్రం ఆగలేదు, నార దిగుమతి అవుతూనే ఉంది. 1995లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ ఫ్యాక్టరీలలో పనిచేసేవాళ్ల ఆరోగ్య రక్షణ గురించి. దాంతో వాడకం మీద నిషేధమేమీ రాలేదు. 1985లో వేసిన వసారా రేకులోనూ ఆస్బెస్టాస్ ఉండొచ్చు, 2015లో మేడ మీద వేసిన రేకులోనూ ఉండొచ్చు. లేదని లేబులో ల్యాబ్ రిపోర్టో చూపిస్తే తప్ప, బూడిదరంగు ముడతల సిమెంటు రేకును ఆస్బెస్టాస్ రేకుగానే లెక్కవేయండి.

పేర్లతో ఒక చిక్కుంది. షాపులో ‘ఫైబర్ రేకు’ అంటే వెలుతురు కోసం వేసే పారదర్శకమైన ప్లాస్టిక్ రేకు, దానితో భయం లేదు. కంపెనీల బిల్లుల మీద, ప్రకటనల్లో ‘ఫైబర్ సిమెంట్ రేకు’ అని ఉంటే చాలాసార్లు అది ఆస్బెస్టాస్ రేకే. ఇంటాయన ‘అవి ఫైబర్ రేకులండీ’ అంటే మాట మీద ఆగిపోకుండా చేత్తో తట్టి చూడండి. ఆస్బెస్టాస్ రేకుల భారతీయ ప్రమాణం (ఐఎస్) నంబరు ఐఎస్ 459. ఆస్బెస్టాస్ లేని సిమెంటు రేకులకు వేరే ప్రమాణం ఉంది, ఐఎస్ 14871. రేకు అడుగున చెరిగిపోకుండా ముద్ర మిగిలి ఉంటే ఈ నంబర్లలో ఏది ఉందో టార్చి వేసి వెతకండి.

చూడటానికి వెళ్లేటప్పుడు

చిన్న అయస్కాంతం, టార్చి, టేపు, ఫోను చాలు. నిచ్చెన వద్దు. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లు రేకు ఎక్కి చూడటం అన్నిటికంటే పెద్ద పొరపాటు. పాత సిమెంటు రేకు మనిషి బరువు ఆపదు, చెప్పకుండా ఒక్కసారిగా విరుగుతుంది. ఆస్బెస్టాస్ సంగతి తర్వాత, ముందు కాలో నడుమో విరుగుతుంది. పక్కింటి మేడ మీద నుంచి అడిగి చూడండి, ఫోన్ జూమ్ సరిపోతుంది.

ముందు అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే అది ఇనుప రేకు, గ్యాల్వనైజ్డ్ అయినా కలర్ కోటింగ్ అయినా. అల్యూమినియం రేకుకు అంటదు గానీ దాన్ని తడితే మోగుతుంది, సిమెంటు రేకు బరువుగా టక్కుమంటుంది. సిమెంటు రేకు మందం 6 మిల్లీమీటర్లు, వెడల్పు 1.05 మీటర్లు, అంటే మూడున్నర అడుగులకు కాస్త తక్కువ. ఒక ముడత శిఖరం నుంచి పక్క శిఖరానికి 146 మిల్లీమీటర్లు, లోతు 48. టేపుతో ఈ రెండు కొలతలు సరిపోతే అది సిమెంటు రేకేనన్న దాంట్లో పెద్దగా అనుమానం అక్కర్లేదు. ఇప్పటికే పగిలిన అంచు ఉంటే దూరం నుంచే టార్చి వేసి చూడండి, దూది పోగుల్లాంటి నార పైకి లేచి కనపడుతుంది. చూడటం కోసం కొత్తగా విరవకండి.

రంగు చూసి మోసపోవడం మామూలే. ఎండకు తట్టుకోలేక చాలామంది రేకు మీద తెల్ల కూలింగ్ పెయింట్ వేస్తారు. కింద థర్మాకోలో పీవీసీ సీలింగో కొట్టిస్తారు. సీలింగ్ ఉన్న చోట లైటు దగ్గరి కన్నంలోంచి ఫోన్ కెమెరా పెట్టి పైన ఏముందో ఫొటో తీయండి.

రేకులతో పాటు ఇవి కూడా చూసుకోవాలి: మేడ మీద నుంచి దిగే నాలుగంగుళాల సిమెంటు గొట్టాలు, సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టం, చదునైన సిమెంటు షీటుతో చేసిన కిటికీ సన్‌షేడ్లు, పాత ఫాల్స్ సీలింగ్ పలకలు, బాత్రూం తడికె గోడలు, మీటరు వెనక పలక, కట్టెల పొయ్యి మీది పొగగొట్టం. సన్‌షేడ్లు ఎక్కువమంది వదిలేస్తారు, అడుగున సున్నం వేసి ఉండటం వల్ల కాంక్రీటులాగే కనపడతాయి. అంచు మందం ఆరేడు మిల్లీమీటర్లే ఉంటే అది కాంక్రీటు కాదు.

కాగితాల్లోనూ ఆధారం దొరుకుతుంది. ఇంటి పన్ను పాత అసెస్‌మెంటులో పైకప్పు రకం రాసేవారు: ఆర్సీసీ, మద్రాస్ టెర్రస్, మంగుళూరు పెంకు లేదా ఆస్బెస్టాస్ లేదా జీఐ రేకు, నాటు పెంకు, పూరి. ఇంటి దస్తావేజుకు జతచేసే అనెగ్జర్ 1ఏలో కూడా కప్పు వివరం ఉంటుంది. లింకు డాక్యుమెంట్లు తిరగేసేటప్పుడు ఆ పేజీ చూడండి. మేడ మీది రేకుల గది పాత అసెస్‌మెంటులో లేదంటే అది తర్వాత, ప్లాను లేకుండా వేసిందన్న సంగతి కూడా అక్కడే బయటపడుతుంది. బ్యాంకు లోను తీసుకునేవాళ్లు వాల్యుయర్ ఆ గదికి విలువ కడతాడో లేదో ముందే అడిగి పెట్టుకోవాలి.

2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు నిలిచిన సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం ఇళ్లయితే ఇంకొక పని ఉంది. వరదకు కింది వరస రేకులు విరిగి, ఆ ముక్కలు పెరట్లోనో మెట్ల కిందో బురదతో కలిసి ఉండిపోయి ఉండొచ్చు. పెరడంతా ఒకసారి నడిచి చూడండి.

రేకు ఎంత పాడైంది?

పై పొర నున్నగా, పగుళ్లు లేకుండా, బోల్టుల దగ్గర చీలకుండా ఉంటే ఆ రేకును అలాగే ఉంచొచ్చు. వానకు పై సిమెంటు కొట్టుకుపోయి గరుకుగా, పొడిపొడిగా మారి, నాచు పట్టి, నార తేలితే దానికి ఏదో ఒకటి చేయాల్సిన సమయం వచ్చినట్టే. విరిగి వేలాడుతున్నా, కోతులు దూకి పగలగొట్టినా, గదిలో మనుషుల తల మీద ఉన్నా తీసేయడమే మేలు. రేకు చివర కాలువలో, నీళ్లు జారిపడే నేలమీద పేరుకున్న బూడిదరంగు మట్టిలో కూడా నార ఉంటుంది. దాన్ని పొడిగా చీపురుతో ఊడ్చకూడదు.

ఒక ఇంట్లో మూడు చోట్ల మూడు వయసుల రేకులు ఉండటం మామూలు కాబట్టి ఒక్కోచోటికి విడిగా నిర్ణయం తీసుకోండి. వసారా రేకు బాగుండి, పడమటి గోడ రేకు పాడైపోయి ఉండొచ్చు. గాలివాన ఎదురుగా కొట్టేది దాన్నే.

లెక్క ఇలా వేయాలి. పక్కపక్క రేకులు ఒకదాని మీద ఒకటి ఎక్కగా 1.05 మీటర్ల రేకు కప్పేది 1.01 మీటర్లే. వసారా పొడవు 24 అడుగులు, అంటే 7.3 మీటర్లు, వాలు పది అడుగులు అనుకుంటే మూడు మీటర్ల రేకులు ఎనిమిది. అదే పొడవున పన్నెండు అడుగుల ఎత్తు గోడకు రెండు వరసలు, రెండు మీటర్ల రేకులు పదహారు. మూడు మీటర్ల రేకు 40 కిలోలకు దగ్గరగా ఉంటుంది, రెండు మీటర్లది సుమారు 27. మొత్తం ముప్పావు టన్ను. ఇది తెలిస్తే ఎంతమంది కావాలో, ఏ బండి కావాలో, ఎంత ప్లాస్టిక్ షీటు కావాలో అంచనాకు వస్తుంది, బేరంలో చెప్పుకోవడానికీ పనికొస్తుంది.

ల్యాబ్ పరీక్ష అందరికీ అక్కర్లేదు. ముడతల రేకుకు పరీక్ష డబ్బు దండగ, ఆస్బెస్టాసే అనుకుని నడవండి. చదునైన పలకలు, సీలింగ్ బోర్డులు ఎక్కువగా ఉన్నప్పుడు మాత్రం పరీక్ష చేయించాలి, ఎందుకంటే కాల్షియం సిలికేట్ బోర్డులు, ఆస్బెస్టాస్ లేని సిమెంటు బోర్డులు కూడా చూపుకు అలాగే ఉంటాయి. ఇంటాయన ఒప్పుకున్నాకే శాంపిల్ తీయండి. మాస్కు పెట్టుకుని, ఆ చోట సబ్బునీళ్లు చల్లి, ఇప్పటికే పగిలిన మూల నుంచి కటింగ్ ప్లయరుతో రూపాయి బిళ్లంత ముక్క తుంచి, జిప్ కవర్లో పెట్టి, దాన్ని ఇంకో జిప్ కవర్లో పెట్టాలి. తుంచిన చోట ఫెవికాల్ పూసి ఆరనివ్వాలి. ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌ను అడిగేటప్పుడు ‘ఘన పదార్థంలో ఆస్బెస్టాస్, పోలరైజ్డ్ లైట్ మైక్రోస్కోప్ పరీక్ష’ అని స్పష్టంగా చెప్పండి. గాలి పరీక్ష చేస్తామంటే ఇప్పుడు వద్దనండి. రేకు కదలనప్పుడు గాలిలో ఏమీ దొరకదు, ఆ రిపోర్టు చూపించి రేకు మంచిదేనని అమ్మకందారు వాదిస్తాడు.

అగ్రిమెంటులో ఏం రాయించాలి

చాలామంది చేసే తప్పు ఇక్కడే: ‘రేకులన్నీ మీరే తీయించి ఖాళీ చేసి ఇవ్వండి’ అని అమ్మకందారుకు షరతు పెట్టడం. వినడానికి బాగుంటుంది. ఆయన మాత్రం తక్కువకు వచ్చే ఇద్దరు కూలీలను పెడతాడు, వాళ్లు సుత్తితో పగలగొట్టి కిందికి తోస్తారు, ముక్కలను పెరట్లో గుంతలోనో బేస్‌మట్టం పూడికలోనో కలిపేస్తారు. అప్పటిదాకా కప్పు మీద బుద్ధిగా ఉన్న ఆస్బెస్టాస్ మీ నేలలో కలుస్తుంది, దాన్ని ఇక ఏరలేరు. తీసే ఖర్చు ధరలో తగ్గించుకుని పని మీ చేతుల్లో పెట్టుకోండి. అగ్రిమెంటులో ఇలాంటి వాక్యం చేర్పించండి:

‘షెడ్యూలు ఆస్తియందలి సిమెంటు రేకులు, సిమెంటు గొట్టములు, సిమెంటు పలకలు ఉన్నవి ఉన్నట్లుగా స్వాధీనపరచవలెను. రిజిస్ట్రేషన్ జరుగువరకు అమ్మకందారు వాటిని పగలగొట్టుట, కోయుట, రంధ్రములు వేయుట, ఆవరణలో పూడ్చుట చేయరాదు.’

దీనికి రేకుల సంఖ్యతో ఒక చిన్న పట్టిక, తేదీతో ఫొటోలు జతచేయండి. ధర తగ్గించమని అడిగేటప్పుడు మూడు అంచనాలు విడివిడిగా చూపించాలి: దించి చుట్టే కూలి, తరలింపు, కొత్త కప్పు. మూడూ కలిపి ఒకే అంకె చెబితే ‘రేకులు తీయడానికి అంతెందుకండీ’ అని కొట్టిపారేస్తారు. పడమటి గోడ రేకు తీశాక బయటపడే గోడకు ప్లాస్టరింగ్, వాటర్‌ప్రూఫింగ్ కూడా అంచనాలో ఉండాలి. సందు వైపు గోడైతే పక్కింటివాళ్లు లోపలికి రానిస్తేనే పరంజా వేయగలరు, ఆ మాట కూడా ముందే అడగండి.

ఇల్లు పడగొట్టి కొత్తగా కట్టుకోవడానికే కొంటున్నా ఇదే వరస. జేసీబీని నేరుగా రేకుల మీదికి తోలిస్తే అన్నిటికంటే ఎక్కువ దుమ్ము లేచేది అప్పుడే. ముందు మనుషులతో రేకులు దించాలి, ఆ తర్వాతే జేసీబీ.

ఉంచదలచుకుంటే

బాగున్న రేకును పెయింటు పూతతో మూసి ఉంచడం తప్పు కాదు. ప్రెషర్ వాషర్, వైరు బ్రష్షు, ఎమిరీ కాగితం వాడకూడదు. నాచు మీద బ్లీచింగ్ నీళ్లు చల్లి చచ్చేదాకా ఆగి, తడి గుడ్డతో తుడవాలి. సిమెంటు మీద వేసే ఆల్కలీ నిరోధక ప్రైమరు ఒక కోటు, రబ్బరులా సాగే అక్రిలిక్ పెయింటు రెండు కోట్లు, లోపలి వైపు కూడా వేయించాలి. ఇది మనిషి రేకు మీద నిలబడి చేసే పని కాదు, పరంజా మీద నుంచో, వాసాలకు అడ్డంగా వేసిన బల్లల మీద నుంచో చేయాలి. ఏటా వానలకు ముందు ఒకసారి చూడాలి.

కింద సీలింగ్ వేయించాలంటే దాని హుక్కులు పర్లిన్‌లకు, అంటే రేకులను కింద మోసే అడ్డ దూలాలకు, తగిలించాలి, రేకుకు కన్నం పెట్టకూడదు. డిష్ యాంటెన్నా, ఏసీ అవుట్‌డోర్ యూనిట్, సోలార్ ప్యానెల్ వీటిలో ఏదీ రేకు మీద బిగించొద్దు. గోడలో పూడ్చిన సిమెంటు గొట్టాన్ని తవ్వి తీయడం కంటే రెండు చివరలూ మోర్టారుతో మూసి, వాన నీళ్లకు వేరే పీవీసీ గొట్టం దించుకోవడం సులువు, క్షేమం కూడా.

దించే రోజు

ఈ పనికి మే నెల వద్దు, సాయంత్రాలు ఈదురుగాలులు లేస్తాయి. ఆషాఢం గాలికీ వద్దు. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా, పొద్దున్నే మంచు తడి ఉన్నప్పుడు మొదలుపెడితే ఎండ ఎక్కేలోపు వసారా దిగిపోతుంది.

ముందు రోజు తుప్పుపట్టిన బోల్టులకు డబ్ల్యూడీ-40 లాంటి నూనె కొట్టి ఉంచండి. చుట్టుపక్కల వాళ్లకు చెప్పండి, తలుపులు కిటికీలు మూయించండి, ఆరేసిన బట్టలు, వడియాలు, మిరపకాయలు తీయించండి, నీళ్ల ట్యాంకు మూత మీద ప్లాస్టిక్ కప్పి కట్టండి. రేకుల కింద ఉన్న సామాను మొత్తం బయట పెట్టాలి, లేదా ప్లాస్టిక్ కింద మూయాలి. నేలమీద 200 మైక్రాన్ల నల్ల పాలిథిన్ షీటు పరవండి.

పని చేసేవాళ్లు పైన ఇద్దరు, కింద ఇద్దరు. పిల్లలు, పొగతాగేవాళ్లు ఆ చుట్టుపక్కల ఉండకూడదు. మాస్కు ఎఫ్ఎఫ్‌పీ3 రకం ఉండాలి, ఎన్95 చాలదు. మన ప్రమాణం ఐఎస్ 9473, ఆ నంబరు మాస్కు మీద ఉంటుంది. సర్జికల్ మాస్కూ, మొహానికి కట్టుకునే తడి కండువా పనికిరావు, మేస్త్రీలు ఈ రెండో దాన్నే నమ్ముతారు. గడ్డం ఉంటే మాస్కు అంచు అతకదు, లోపలికి పోగులు పోతాయి. తలను కప్పే టోపీ ఉన్న డిస్పోజబుల్ సూటు, రబ్బరు చేతి తొడుగులు, గంబూట్లు. సూటు చేతి అంచునూ కాలి అంచునూ టేపుతో చుట్టాలి. ఇంటికి తీసుకెళ్లిన దుమ్ము బట్టలు ఉతికిన భార్యకూ ఆస్బెస్టాస్ జబ్బులు వచ్చిన ఉదంతాలు వైద్యంలో నమోదయ్యాయి, అందుకే వాడిన బట్టలు ఇంటికి పోనివ్వకూడదు.

తడపడానికి పొలంలో వాడే 16 లీటర్ల చేతి పంపు చక్కగా సరిపోతుంది. పురుగుమందు కొట్టిన పంపు కాకుండా కొత్తది తీసుకోండి. ట్యాంకుకు రెండు మూడు మూతల పాత్రలు తోమే ద్రవం కలిపితే నీళ్లు జారిపోకుండా రేకులోకి దిగుతాయి. పైన, అడుగున రెండువైపులా, ముఖ్యంగా బోల్టుల చుట్టూ సన్నటి జల్లుగా చల్లాలి. గొట్టంతో జోరుగా కొట్టకూడదు, మురికినీళ్లు పక్కలకు చిందుతాయి.

దించే వరస వేసిన వరసకు తిరగబడి ఉంటుంది: చివర వేసిన రేకు ముందు. మొదట కొప్పు రేకులు, తర్వాత పై వరస, ఆ తర్వాత కింది వరస. గోడకు తొడిగిన రేకులకూ అంతే, పై వరస కింది వరస మీద ఎక్కి ఉంటుంది కాబట్టి పైనుంచి కిందికి. గోడ రేకుకు చివరి రెండు బోల్టులు తీసేటప్పుడు ఇద్దరు దాన్ని పట్టుకుని ఉండాలి, లేకపోతే ఊగి గోడకు కొట్టుకుని విరుగుతుంది.

బోల్టులు తీయడంలోనే ఎక్కువ రేకులు పగులుతాయి. జే హుక్కు తుప్పు పట్టి తిరగదు, మేస్త్రీ సుత్తి తీస్తాడు, తారు వాషరుతో పాటు రేకు ముక్క ఊడుతుంది. అలా కాకుండా, కింది వైపు నుంచి పర్లిన్‌కు చుట్టుకున్న హుక్కును బోల్టు కట్టరుతోనో హాక్సా బ్లేడుతోనో కోయండి. కోసేది ఇనుమునే, బ్లేడు రేకుకు తగలకూడదు. కట్టింగ్ మిషన్ అసలు పైకి ఎక్కకూడదు.

మనిషి పైన నిలబడాల్సి వస్తే బోల్టుల వరస వెంట, కింద పర్లిన్ ఉన్నచోట, కనీసం రెండు పర్లిన్‌ల మీద ఆనేలా బల్ల వేసి దాని మీదే. నడుముకు బెల్టు, గట్టి దూలానికి తాడు. వీలైనంత పని కింది నుంచి పరంజా మీద చేస్తే ఇదేదీ అక్కర్లేదు.

రేకును లాగకండి, ఎత్తండి. లాగితే పక్క రేకుతో రాసుకుని పొడి లేస్తుంది. పైనుంచి విసరకుండా చేతుల మీద అందించుకోవాలి. దించిన వెంటనే పాలిథిన్ మీద పేర్చి, మళ్లీ తడిపి, రెండు పొరలుగా చుట్టి, బ్రౌన్ టేపు బిగించి, ‘ఆస్బెస్టాస్. పగలగొట్టరాదు’ అని పెద్ద అక్షరాలతో రాయండి. విరిగిన ముక్కలు తడిగానే మందపాటి సంచీలో వేసి, దాన్ని మరో సంచీలో పెట్టాలి.

రేకులన్నీ దిగాక పర్లిన్‌లనూ గోడ పైభాగాన్నీ తడి గుడ్డలతో తుడవండి, ఆ గుడ్డలు కూడా సంచీలోకే. చీపురు వద్దు, ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనరూ వద్దు, అది నారను వెనక నుంచి గదంతా చిమ్ముతుంది. సూటు తడిపి లోపలివైపు బయటికి వచ్చేలా చుట్టుకుంటూ విప్పి, అన్నిటికంటే చివర మాస్కు తీసి, ఆ తర్వాత స్నానం.

మీద ఏం వేయాలి?

ఎక్కువమంది 0.5 మిల్లీమీటర్ల కలర్ కోటింగ్ ఇనుప రేకు వేస్తారు. పని సులువే, కానీ ఒక సంగతి మరిచిపోతారు: సిమెంటు రేకు తన బరువుతోనే కొంత గాలికి ఆగేది, ఇనుప రేకు బరువు దానిలో సుమారు మూడో వంతే ఉంటుంది. కట్టడాల మీద గాలి బలం లెక్కకు వాడే ఐఎస్ 875 ప్రకారం విజయవాడకు ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. పాత పర్లిన్‌లు గోడలోకి ఎంత లోతుగా దిగాయో, యాంకర్లు ఉన్నాయో లేదో చూడకుండా కొత్త రేకు బిగిస్తే మొదటి తుపానుకే రేకూ పర్లిన్‌లూ కలిసి లేస్తాయి. రేకు చివరల్లో, మూలల్లో స్క్రూలు దగ్గరగా వేయించండి, గాలి ముందు పట్టుకునేది అక్కడే. ఇనుప రేకు కింద ఎండాకాలం గది కొలిమే కాబట్టి ఇన్సులేషన్ కూడా అంచనాలో ఉండాలి. మళ్లీ సిమెంటు రేకే కావాలంటే, పైన చెప్పిన ఐఎస్ 14871 ముద్ర ఉన్నదే, ‘ఆస్బెస్టాస్ లేదు’ అని రాసి ఉన్నదే అడగండి. మద్రాస్ టెర్రస్ పక్కన వసారాకు స్లాబు వేయించే ఆలోచన ఉంటే గోడ, పునాది మోయగలవో లేదో ఇంజనీరుకు చూపించకుండా మొదలుపెట్టొద్దు.

దించిన రేకులు ఎక్కడికి?

ఇది మన ఊళ్లలో అన్నిటికంటే కష్టమైన భాగం. పాత రేకులకు గిరాకీ ఉంది, గేదెల పాకలకు కొనుక్కుపోతారు. పగిలినవి గుంతలు పూడ్చడానికి అడుగుతారు. రెండోదానికి ఎంత డబ్బిచ్చినా ఒప్పుకోకండి. బందరు కాలువ గట్టు మీదో ఏలూరు కాలువ పక్కనో రాత్రికి రాత్రి పడేస్తామనే ఆటోవాళ్లు కూడా తగులుతారు.

ఆస్బెస్టాస్ తయారీలో వచ్చే వ్యర్థాలు 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల జాబితాలో ఉన్నాయి. ఇంటి కప్పు నుంచి దించిన రేకుల గురించి ఏం చేయమంటారో పని మొదలుకాకముందే రెండు చోట్ల రాతపూర్వకంగా అడగండి: నగరపాలక సంస్థ శానిటేషన్ విభాగం, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయం. విజయవాడలో ఒకటి, గుంటూరులో ఒకటి ఉన్నాయి. రాష్ట్రంలో ప్రమాదకర వ్యర్థాల పూడ్చివేత కేంద్రం అనకాపల్లి జిల్లా పరవాడలో ఉంది. ఎక్కువ పరిమాణం ఉంటే అక్కడికి పంపే ఏజెన్సీ ఖర్చు కూడా అడిగి పెట్టుకోండి. జవాబు రావడానికి వారాలు పట్టొచ్చు కాబట్టి చుట్టిన రేకులను పెరట్లో నీడన, నేలకు ఎత్తుగా ఇటుకల మీద పేర్చి, మీద టార్పాలిన్ కప్పి ఉంచితే ఇబ్బంది లేదు.

బండి విషయంలో జాగ్రత్త. టాటా ఏస్ తొట్టి పొడవు ఏడడుగులే, పదడుగుల రేకు పట్టదు. పట్టలేదని డ్రైవరు సగానికి విరిస్తే అంత జాగ్రత్తగా దించి చుట్టినదంతా వృథా. పదడుగులు దాటిన తొట్టి ఉన్న డీసీఎం మాట్లాడండి. బరువు ముప్పావు టన్నే అయినా ఇక్కడ చూడాల్సింది పొడవు.

లోడు ఎక్కేటప్పుడు రేకులు మళ్లీ లెక్కపెట్టి, అగ్రిమెంటుకు జతచేసిన పట్టికతో సరిచూసుకోండి. తేడా వస్తే రెండు కారణాలే ఉంటాయి: ఎవరో పట్టుకుపోయారు, లేదా పెరట్లో ఎక్కడో పూడ్చారు. రెండోదయితే మొక్కలు పెట్టడానికి తవ్వేముందు ఆ చోటేదో తేల్చుకోండి.